గూడబాతుకు ముసలి చెట్టే కావాలి

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుంపులుగా దిగే పక్షుల్ని అందరూ సైబీరియా పక్షులంటారు. ఊళ్లో అడిగినా అదే మాట, పేపర్లో చూసినా అదే మాట. వేల మైళ్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులని బడి పిల్లలకూ చెబుతారు. నిజానికి ఆ పక్షులు సైబీరియా ముఖం చూసినవి కావు. వాటిలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకటి గూడబాతు: బూడిదరంగు ఒళ్లు, దవడ కింద వేలాడే సంచి, పై ముక్కు పొడవునా మచ్చలు. రెండోది ఎర్రకాళ్ల కొంగ: పసుప్పచ్చని ముక్కు, నారింజరంగు బోడితల, తోక దగ్గర గులాబీ ఈకలు. రెండూ మన దక్షిణాసియా పక్షులే. గూడబాతు గుడ్లు పెట్టేది ప్రధానంగా భారత్, శ్రీలంక, కాంబోడియాల్లోనే.

ఈ తేడా చిన్నదేం కాదు. చలికి తాళలేక ఉత్తరాది దేశాల నుంచి వచ్చే పక్షి ఇక్కడ నాలుగు నెలలు మేసి, కొవ్వు పట్టి, తిరిగి తన దేశం వెళ్లి గూడు కడుతుంది. దానికి మన దగ్గర కావలసింది మేత, కాస్త ప్రశాంతత. తేలినీలాపురం వచ్చే పక్షుల సంగతి వేరు. అవి గూడు కట్టేదీ, గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ ఇక్కడే. మార్చి, ఏప్రిల్లో పిల్లలతో కలిసి నీళ్లున్న చోటుకి వెళ్లిపోతాయి. మళ్లీ కడుపు పండే వేళకి వస్తాయి. అందుకని వీటిని పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లలనుకోవాలి. ఆ పుట్టిల్లు అడవి కాదు, సర్కారు పార్కూ కాదు. రైతుల పెరళ్లలో, వీధుల పక్కన, ఊరి అంచున నిలబడిన చింత వంటి పాత చెట్లు.

అడవుల నరికివేత గురించి మాట్లాడేటప్పుడు మన కళ్ల ముందు అమెజాన్ మెదులుతుంది, లేదంటే రంపచోడవరం. పలాస, టెక్కలి వైపు చూసి అడవి ఎక్కడుందని అడిగితే మహేంద్రగిరి వైపు వేలు చూపిస్తారు. ఆ కొండ ఒడిశా సరిహద్దుకు అవతల 1,501 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. కానీ ఈ తీరంలో వన్యప్రాణి బతికేది కొండ మీద మాత్రమే కాదు. ఇక్కడ అడవి ఊళ్లలోకి వచ్చి, పెరట్లో ఒక చెట్టుగా, తోటలో ఒక తోపుగా మిగిలింది. రిజర్వు ఫారెస్టు రాళ్లకు బయట ఉన్న ఈ అడవికి రికార్డుల్లో పేరు లేదు. గొడ్డలికి ముందుగా దొరికేది ఇదే.

అయితే చెట్టంటే ఏదో ఒక చెట్టు చాలదా? నాలుగేళ్లలో ఎదిగే మొక్కలు నాటితే పక్షులు వాటి మీద గూళ్లు కట్టుకోవా? కట్టుకోవు, కారణం గూడబాతు పాదంలోనే ఉంది. కాకికీ చిలకకీ వేళ్లు కొమ్మ చుట్టూ బిగిసి పట్టు దొరుకుతుంది. గూడబాతుకి నాలుగు వేళ్లూ పల్చటి తోలుతో కలిసిపోయి ఉంటాయి. నీళ్లలో తెడ్డులా పనికొచ్చే ఆ పాదం కొమ్మని గట్టిగా చుట్టి పట్టలేదు. పైగా బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు, విప్పితే రెక్కల వెడల్పు రెండు మీటర్లకు పైమాట. ఇంత పక్షి సన్నటి కొమ్మ మీద వాలితే కొమ్మ వంగుతుంది, పక్షి జారుతుంది. దానికి కావలసింది చెట్టు తల మీద చదునైన, గట్టి జాగా. లావు కొమ్మలు నాలుగు దిక్కులకూ పరుచుకుని, రెమ్మలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, పైన మంచె కట్టినట్టుండాలి. చింతచెట్టుకి ఆ ఆకారం పడుచుతనంలో రాదు. చిన్నప్పుడు పైకి పెరుగుతుంది. పక్కలకి విచ్చుకుని కొమ్మలు బలిసేది దశాబ్దాలు గడిచాకే. నూటయాభై, రెండొందల ఏళ్లు బతికే చెట్టది.

గూట్లో కాపురం కూడా పొట్టిది కాదు. గూడబాతు మూడు నాలుగు సుద్దరంగు గుడ్లు పెడుతుంది. అవి పిల్లలవడానికి 30 రోజులకు పైగా పడుతుంది. ఆ తర్వాత పిల్లలు మూడు నుంచి అయిదు నెలలు గూటినీ, దాని చుట్టుపక్కల కొమ్మల్నీ వదలవు. ఒకే చెట్టు మీద పదుల గూళ్లుంటాయి గనక చలికాలం చివరికొచ్చేసరికి ఆ కొమ్మలు పెద్ద పక్షుల బరువుతో పాటు, పెద్దవాటితో సమానంగా ఎదిగిన పిల్లల బరువునీ మోయాలి. అర్ధరాత్రి గాలి వీచినా విరగకూడదు. గూట్లోంచి కింద పడ్డ పిల్లని తల్లి వచ్చి ఎత్తుకుపోలేదు. కుక్కలకో నక్కలకో ఆహారమవుతుంది.

ఆ చెట్టు కింద కాసేపు నిలబడితే ఊరివాళ్ల ఓర్పు ఎంతటిదో తెలుస్తుంది. ఆకులు, గోడలు, బండి సీటు, ఆరేసిన బట్టలు, అన్నిటి మీదా సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట. గూట్లోంచి జారి పడ్డ చేపలు కుళ్లిన వాసన. బెదిరిన కొంగపిల్ల మింగిన చేపల్ని కక్కేస్తుంది, అవీ నేల మీదికే వస్తాయి. రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లం మట్టిలో కుళ్లి అమ్మోనియాగా మారుతుంది, కళ్లు మండేది అందుకే. ఆ కాలంలోనే చింతకాయ ముదురుతుంది. పక్షులు గూళ్లలో ఉండగా చెట్టెక్కి కాయ దులపడం కుదరదు. ఒక చెట్టు కాపు వదులుకోవడం పేద ఇంటికి చిన్న నష్టం కాదు. అయినా ఈ ఊరి జనం తరాలుగా వాటిని తరమలేదు. పక్షులొస్తే వానలు బాగుంటాయని, పంటలు పండుతాయని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకంలో శాస్త్రం లేకపోలేదు, కాకపోతే కార్యకారణాలు తిరగబడి ఉన్నాయి. పక్షులు రావడం వల్ల వానలు పడవు. వానలు పడి చిత్తడి నేలలు నిండిన ఏడే పక్షులు ధైర్యంగా గూళ్లు కడతాయి. ఇది అర్థం కావాలంటే ఎర్రకాళ్ల కొంగ వేట చూడాలి. అది చేపని కంటితో వెతకదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, తలని అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఒక కాలితో బురద కదుపుతుంది. చేప ముక్కుకి తగిలిందా, ముక్కు మూసుకుపోతుంది. ఇదే ప్రజాతికి చెందిన అమెరికా కొంగ మీద జరిపి 1963లో ప్రచురించిన ప్రయోగంలో, చేప తగిలిన క్షణం నుంచి ముక్కు మూసుకునే దాకా పట్టిన సమయం సెకనులో నలభయ్యో వంతు అని తేలింది. మనం కనురెప్ప వేసేలోపే ఆ ముక్కు మూసుకుపోతుంది. ఇంత వేగమున్నా ఒక ఇబ్బంది ఉంది. తడుముతూ వేటాడే పక్షికి నీళ్లలో చేపలు చిక్కగా ఉంటే తప్ప కడుపు నిండదు. లోతు నీళ్లలో చేప పక్కకి తప్పుకుంటుంది. వానలు వెనకపట్టి, నీరు రోజురోజుకీ తగ్గి, చేపలన్నీ మిగిలిన గుంటల్లో పోగయ్యే కాలమే దానికి పండగ. పిల్లలకి ఆకలి ఎక్కువగా ఉండే నెలలు సరిగ్గా ఆ నెలల మీద పడేటట్టు అది గూడు మొదలుపెడుతుంది.

ఆ నీళ్లు నౌపడా దగ్గరున్నాయి. తేలినీలాపురానికి పక్కనే సంతబొమ్మాళి మండలం మీదుగా పరుచుకున్న చిత్తడి, ఉప్పుకొటార్లు, సముద్రపు పోటు వచ్చి పోయే కాలువలు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి మీద గూడబాతులు రెక్క కదపకుండా సుడులు తిరుగుతూ ఎత్తుకి పోయి, అక్కణ్నించి జారుతూ మేతకి వెళ్తాయి. తిరిగొచ్చి, సంచిలో కాదు, గొంతులో దాచుకొచ్చిన చేపని పిల్లల నోటికి అందిస్తాయి. కాబట్టి చెట్టు ఒక్కటీ మిగిలితే చాలదు, చిత్తడి ఒక్కటీ మిగిలినా చాలదు. రెండూ రెక్కల దూరంలో ఉండాలి.

ఆ చిత్తడి కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాకరాపల్లి దగ్గర 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు చేపలు పట్టేవాళ్లు, రైతులు ఎదురు తిరిగారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అంతకు ఏడు నెలల ముందు, 2010 జులై 14న, సోంపేట బీల అనే చిత్తడి కోసం జరిగిన పోరాటంలోనూ కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజున అక్కడి థర్మల్ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ కొట్టేసింది. ఆ బీల ఇవాళ్టికీ నీళ్లతో ఉందంటే ఆ జనం వల్లే. నౌపడా వైపు మాత్రం ఒత్తిడి తగ్గలేదు. చేపల, రొయ్యల చెరువులు పెరిగాయి. సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట రేవుకు 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగింది. 2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు పదుల సంఖ్యలో చనిపోతే, పరీక్షల్లో నులిపురుగులు బయటపడ్డాయి. పెంపకం చెరువుల చేపల నుంచే అవి సోకి ఉండొచ్చని అనుమానించారు. సహజమైన మేత తగ్గిన పక్షి ఎక్కడ దొరికితే అక్కడ తింటుంది.

చెట్ల విషయానికొస్తే ఈ ప్రాంతం మరిచిపోలేని తేదీ ఒకటుంది: 2018 అక్టోబరు 11. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా. ఉద్దానం తోటల్లో కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల్లో పడిపోయాయి. సరిగ్గా పక్షులు గూళ్లు వెతుక్కునే నెల అది. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో అప్పటికే పిల్లలతో ఉన్న నత్తగుల్ల కొంగల చెట్లకూ ఆ గాలి తగిలింది.

ఆ రోజు ఏ చెట్టు పడింది, ఏ చెట్టు నిలిచింది అన్నదాంట్లో వృక్షశాస్త్రం ఉంది. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది విరిగితే చెట్టు చచ్చినట్టే, పక్క నుంచి చిగురు రాదు. జీడిమామిడి ఇసక నేలల్లో పరుచుకుపోయే చెట్టు. గొడుగంత తలకి గాలి పట్టిందంటే వేళ్లతో సహా తిరగబడుతుంది. చింత అలా కాదు. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది, కర్ర గట్టిదైనా కొమ్మకి వంగే గుణం ఉంది, సన్నటి ఆకుల్లోంచి గాలి జారిపోతుంది. తుపాన్లు తరచూ వచ్చే దేశాల్లో గాలికి ఓర్చే చెట్లలో దీన్ని లెక్కేస్తారు. కొమ్మ విరిగినా మోడు మీద మళ్లీ చిగురిస్తుంది. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుపాన్ల వరస చూసిన ఈ తీరంలో రెండొందల ఏళ్ల చింతచెట్టు ఇంకా నిలబడి ఉందంటే అది ఎన్ని గాలులు దాటి వచ్చిందో ఊహించుకోవచ్చు. గాలి పడగొట్టలేని ఆ చెట్టుని రంపం ఒక పూటలో పడగొడుతుంది. చింత మొద్దుకి గిరాకీ ఉంది. మాంసం దుకాణంలో నరికే మొద్దు అదే, పాతరోజుల్లో గానుగకీ అదే. ఇటుక బట్టీలో చింత కట్టె ఎక్కువసేపు మండుతుంది. ఇల్లు పెద్దది చేయాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా ముందు అడ్డమొచ్చేది కూడా అదే.

పెద్ద చెట్లు పోతే ఏమవుతుందో చరిత్రలో రాసి ఉంది. బర్మాలో సిట్టాంగ్ నది మైదానం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద గూడబాతుల స్థావరం. 1877లో ఇంగ్లిషు పక్షిశాస్త్రవేత్త యూజీన్ ఓట్స్ అక్కడ పక్షులు లక్షలకు లక్షలున్నాయని రాశాడు. వంద అడుగులకు మించిన ఎత్తున నూనె కారే జాతి మహావృక్షాలు ఆ అడవిలో ఉండేవి. 1929 నాటికీ వేలల్లో పక్షులుండేవని తెలుస్తోంది. ఆ తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్లలో ఆ స్థావరం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మన దగ్గర కొల్లేరు ఒడ్డున ఆరేడు అనే ఊరి దగ్గర మలయాళ పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1946లో ఒక స్థావరాన్ని గుర్తించారు. తాటిచెట్ల మీద దాదాపు మూడు వేల గూడబాతులు కాపురముండేవి. 1974 ప్రాంతానికి అక్కడ ఒక్కటీ లేదు. ఇవాళ కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతులున్నాయి గానీ అవి గూడు కట్టేది ఎక్కువగా మనుషులు పాతిన ఇనప మంచెల మీద.

ఇనప మంచె గురించి ఒక మాట. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ అవి పనిచేశాయి, ఆపదలో అక్కరకొచ్చాయి, వాటిని తక్కువ చేయను. కానీ ఇనుముకి నీడ లేదు, గూటికి పుల్లలనిచ్చే రెమ్మ లేదు, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. చెట్టుకి బదులుగా మంచె ఉందిలే అని కొట్టేయడానికి అది సాకు కాకూడదు. ఆస్ట్రేలియా, అమెరికా అటవీ శాస్త్రవేత్తలు లిండెన్‌మేయర్, లారెన్స్, ఫ్రాంక్లిన్ 2012లో ‘సైన్స్’ పత్రికలో ఇదే హెచ్చరించారు: ప్రపంచమంతటా ముసలి, మహాకాయ వృక్షాలు తగ్గిపోతున్నాయి, అవి చేసే పని కుర్ర చెట్లు ఎన్ని ఉన్నా చేయలేవు అని. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లెడ్‌బీటర్స్ పాసమ్ అనే చిన్న జంతువు తొర్రల్లోనే కాపురముంటుంది. యూకలిప్టస్ జాతి చెట్టులో ఆ తొర్ర పడాలంటే వంద ఏళ్లు దాటాలి. ఎనభై ఏళ్లకోసారి నరికే అడవిలో తొర్ర ఎప్పటికీ పడదు. ఏళ్ల తరబడి పోట్లాట తర్వాత ఆ రాష్ట్రం 2024 జనవరి 1 నుంచి సర్కారు అడవుల్లో సహజ వృక్షాల నరికివేత ఆపేసింది.

ఉద్దానంలో ఇదే కథకి మరో ముఖం ఎలుగుబంటి. జీడి, పనస, మామిడి, కొబ్బరి కలిసి పెరిగే ఈ తోటలు మనిషి నాటినవే అయినా, పైనుంచి చూస్తే ఒకే పచ్చటి పందిరి. మధ్యలో బండరాళ్ల గుట్టలు. ఎలుగుకి పగలు పడుకోవడానికి బండల సందులు, రాత్రి తినడానికి చెదపుట్టలు, జీడిపండ్లు, పనసతొనలు. గుట్టల్ని గ్రానైటు కోసం తొలిచాం; టెక్కలి నీలి రాయి దేశదేశాలకు పోతుంది. పందిరిని తిత్లీ చింపింది. 2022 జూన్లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, కొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. తెల్లారకముందే జీడిపిక్కలు ఏరడానికి తోటకెళ్లే ఆడవాళ్ల భయం నిజమైనది, దాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. ఆ భయం తగ్గాలన్నా గుట్టల మీద మిగిలిన చెట్లని, బండల్ని వాటి మానాన వాటిని వదిలేయడమే దారి. పడుకునే చోటు పోయిన జంతువు తోటలోనే పడుకుంటుంది.

ఇంతకీ తేలినీలాపురం చెట్టుని చట్టం కాపాడుతుందా? సగమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి గూటిని, గుడ్లని చెడగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. అంటే డిసెంబరులో గూళ్లున్న కొమ్మ కొడితే నేరం. మే నెలలో, పక్షులు వెళ్లిపోయాక, ఆ చెట్టులో చట్టం కంటికి ఆనే గూడు లేదు. అప్పుడు అడ్డుపడేది 2002 నాటి వాల్టా చట్టం ఒక్కటే. సొంత నేలలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలంటుంది. ఆ అనుమతి ఇచ్చే కాగితంలో చెట్టు జాతి, చుట్టుకొలత ఉంటాయి. వచ్చే అక్టోబరులో దాని మీద పక్షులు ఎన్ని గూళ్లు కట్టబోతున్నాయో ఉండదు. సరిగ్గా ఎండాకాలంలోనే ఇళ్లు కడతారు, కట్టెలు కొడతారు, అడితికి బళ్లు తోలతారు. రక్షణ లేని అయిదు నెలలూ గొడ్డలికి వీలైన అయిదు నెలలూ ఒకటే అయ్యాయి.

దీనికి తోవ ఉంది, పొరుగు రాష్ట్రంలో నడిచి చూపించారు కూడా. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో ఇళ్ల మధ్యనే చెట్ల మీద గూళ్లు కడతాయి. కాపు వదులుకున్నందుకు అక్కడి అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారం ఇస్తుంది. రెట్ట కలిసిన మట్టిని రైతులు ఎరువుగా వాడుకుంటారు. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ ‘కమ్యూనిటీ రిజర్వు’ అనే ఏర్పాటు తెచ్చింది: భూమి, చెట్టు యజమానివే, ఊరివాళ్ల కమిటీ చూసుకుంటుంది, కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేనిదే భూవినియోగం మార్చకూడదు. 2007లో కొక్కరె బెళ్లూరు అలాంటి రిజర్వయింది. అదే 2007లో గూడబాతుని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ‘ప్రమాదంలో ఉన్న’ స్థాయి నుంచి ‘ప్రమాదానికి దగ్గరగా ఉన్న’ స్థాయికి మార్చారు. గూళ్లున్న ఊళ్లు కాపాడుకుంటూ రావడం వల్లే సంఖ్య కోలుకుందని దానికి కారణం చెప్పారు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో చింతచెట్ల మీద వాలే ఎర్రకాళ్ల కొంగల్ని సాకే జనమూ అలాంటివాళ్లే.

తేలినీలాపురానికీ ఆ ఏర్పాటే కావాలి. మ్యూజియం ఉంది, చూసి పోవడానికి జనం వస్తారు, అది మంచిదే. కానీ డబ్బు ముందు చేరవలసింది చెట్టున్న పెరటికి. గూళ్లున్న ప్రతి చెట్టుకీ నంబరు వేసి, వయసు అంచనా కట్టి, పక్షుల్లేని నెలల్లో కూడా గూడుగానే లెక్కించి, కాపు నష్టం ఏటా సంక్రాంతి లోపు యజమాని ఖాతాలో వెయ్యాలి. రెట్టలోని లవణాలకి ఏళ్ల తరబడి తడిసిన చెట్టు ఎండుతుంది, అది తప్పదు, కాబట్టి దాని తర్వాత నిలబడవలసిన చెట్టుని ఇప్పుడే నాటాలి. త్వరగా ఎదుగుతుందని యూకలిప్టసో సరుగుడో కాదు. ఆ ముసలి చెట్టు కిందే దొరికే గింజలు నానబెట్టి, మొలక తీసి, జూన్ వానలకి ముందు గుంతలు తవ్వి, మేకలు కొరక్కుండా అయిదేళ్లు కంచె కట్టి సాకాలి. అది గూడబాతుని మోసే నాటికి ఇప్పటి బడి పిల్లలకి మనవలుంటారు. ఈలోగా మోయవలసినవి ఇప్పుడున్న చెట్లే.